వెబ్ ప్రమాణములు – తెలుగు లిపి

మా పెదనాన్నగారు కరణము. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దు చేసిన పిమ్మట, చేతికి పని లేని ఆ దినములలో, ఆయన అటకమీది పాత లెక్కల కట్టలను దింపి, గుంటూరు సీమ నల్లరేగడి గ్రామములలో పూర్వము వాడుకలోనుండిన కొలతలను గురించి ఒక వ్యాసము వ్రాసినారు. తవ్వ, మానిక, కుంచము, తూము, పుట్టి. నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి అను లెక్క ఊరూర ఒకటే. కాని కుంచము ఊరూర ఒకటి కాదు. ఒక ఊరి కుంచము పొరుగూరి కుంచముకంటె గుప్పెడు ధాన్యము ఎక్కువ పట్టెడిది. కొనునపుడు ఒక కుంచమును, అమ్మునపుడు మరియొక కుంచమును బయటికి తీయు షావుకారులను గురించి ఆయన కొంత ఘాటుగానే వ్రాసినారు.

ఆ వ్యాసము 2001లో ఒక దినపత్రికవారి వెబ్ పుటలో వెలువడినది. కాగితముపై అచ్చయినదానికంటె అందులో వచ్చినదే ఆయనకు ఎక్కువ సంతోషమును కలిగించినది. ఏలయన అమెరికాలోనున్న మనుమలు అదే దినమున చదివి, టెలిఫోనుపై మాటాడినారు. అరండల్‌పేటలో గంటల లెక్కన కంప్యూటరును అద్దెకిచ్చు ఒక చిన్న గదిలో కూర్చుండి నేను ఆ పుటను ఒక ఫ్లాపీలోనికి, తరువాత ఒక సీడీలోనికి ఎక్కించి భద్రపరచితిని. ఆయన పోయిన తరువాత, ఒక ఏటి తద్దినము నాడు బంధువులందరు కూడియుండగా ఆ వ్యాసమును చదివి వినిపింపవలెనని సీడీని తెరచితిని. తెరపై ఒక్క తెలుగు అక్షరమైనను లేదు. నెత్తిన చుక్కలు, క్రింద తోకలు గల ఐరోపా అక్షరములు వరుసలు వరుసలుగా నిలిచియున్నవి. ఫైలు చెడలేదు, ఒక్క అక్షరము కూడ రాలిపోలేదు. అంతయు ఉన్నది, చదువుటకు మాత్రము వీలులేదు.

ఇట్టి అనుభవము శ్రోతలలో పలువురకు కలిగియుండును. ఆ పుట ఎట్లు చదువరాక పోయినదో, మరల ఎట్లు చదువ వచ్చినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

వెబ్ పుట మన యింటికి పుటగా రాదు. వచ్చునది ఒక చిట్టా. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచట బొమ్మ, ఈ అక్షరములు ఇంత పరిమాణము, ఈ రంగు అని అందులో వ్రాసియుండును. ఆ చిట్టాను చదివి తెరపై పుటను కట్టునది బ్రౌజరు. దీనికి కొందరు విహరిణి అని పేరు పెట్టినారు. పేరు అందముగానే ఉన్నది గాని, మా బ్రాడీపేట వీధులలో ఎవరును అట్లు పలుకగా నేను వినలేదు. నాకు బ్రౌజరు అనిన చాలును. చిట్టా వ్రాయువాడొకడు, దానిని చదివి పుటను కట్టువాడు మరియొకడు. వారిరువురు ఎన్నడును ఒకరినొకరు చూడరు. కావున ఏ మాటకు ఏ అర్థమో ముందుగా ఒక ఒప్పందము ఉండి తీరవలెను. ఆ ఒప్పందమునకే ప్రమాణము అని పేరు.

కొలతల విషయములో మన దేశము ఈ పనిని నెరవేర్చుకొన్నది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాము దేశములో ప్రాంతము వెంట ప్రాంతము అడుగుపెట్టి, 1962 నాటికి తూనికలలో తప్పనిసరియైనది. మా పెదనాన్నగారి వ్యాసము కడపటి భాగము ఆ మార్పును గురించినదే. నేడు మన మిర్చి యార్డుకు పల్నాటినుండి వచ్చిన టిక్కీయైనను, ప్రకాశము జిల్లానుండి వచ్చిన టిక్కీయైనను ఒకే కిలో లెక్కన తూగుచున్నది. అందుచేతనే దూరదేశపు వర్తకుడు కాటాను కంటితో చూడకయే ఇచటి సరకునకు బేరము చెప్పగలుగుచున్నాడు.

వెబ్‌కు ఇట్టి చట్టము లేదు. 1989లో జెనీవా నగరమునొద్దనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ ఈ వెబ్ ఆలోచనను ప్రతిపాదించినాడు; 1994 అక్టోబరులో ఆయనయే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అను సంస్థను నెలకొల్పినాడు. ఆ సంస్థ వెలువరించు ప్రమాణములకు దాని భాషలోనే ‘సిఫారసులు’ అని పేరు. పాటింపనివానికి జుల్మానా లేదు. 1990ల చివరి సంవత్సరములలో నెట్‌స్కేప్ కంపెనీయు, మైక్రోసాఫ్ట్ కంపెనీయు పోటీపడి ఎవరి బ్రౌజరులో వారు తమకు తోచిన క్రొత్త మాటలను చేర్చుకొనుచు పోయినవి. పుటలు వ్రాయువారు అడుగున “ఈ పుటను ఫలానా బ్రౌజరులో చూచిన బాగుండును” అని చిన్న బిళ్ళలు అంటించెడివారు. ఆ బిళ్ళను చూచినప్పుడెల్ల నాకు, “మా కుంచముతోనే కొలుచుకొనుడు” అను షావుకారు మాట జ్ఞప్తికి వచ్చెడిది. 1998లో కొందరు వృత్తివారు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అను పేర కూడి, బ్రౌజరు కంపెనీలను ఒత్తిడి పెట్ట మొదలిడినారు. 2005లో వారొక పరీక్ష పుటను తయారు చేసిరి. ప్రమాణములను సరిగా పాటించు బ్రౌజరులో ఆ పుట ఒక నవ్వు మొగముగా కనబడును. పాటింపని దానిలో ఆ మొగము చెదరిపోవును. ఆ కాలమున మిక్కిలి వాడుకలోనుండిన ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరవ కూర్పులో ఆ మొగము గుర్తుపట్టరాకుండెను. 2001లో వెలువడిన ఆ కూర్పునకు తరువాతి కూర్పు 2006 వరకు రాలేదు. అయిదేండ్లపాటు లోకములోని పుటలలో అధిక భాగము దాని వంకరలకు అనుగుణముగా వంగినవి.

ఇంగ్లీషు పుటలకు ఇది చిక్కు మాత్రమే. గీత కొంచెము ప్రక్కకు జరుగును, బొమ్మ క్రిందికి దిగును. చదువుటకు ఆటంకము లేదు. తెలుగునకట్లు కాదు. తెలుగునకు పోయినది అక్షరమే.

తెలుగు అక్షరములకు ప్రమాణము లేకపోలేదు. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో భారతీయ లిపుల సంకేతములను ప్రకటించినది. దాని ముందటి కూర్పును అనుసరించియే, అదే సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి కూర్పులో తెలుగునకు నూట ఇరువదియెనిమిది గదులు కేటాయింపబడినవి. అనగా తెలుగు పత్రికలు వెబ్‌లోనికి రాకముందే తెలుగు అక్షరమునకు అంతర్జాతీయమైన చిరునామా ఉన్నది. కాని చిరునామా ఉన్నంత మాత్రమున ఇల్లు ఉండదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోగాని, గౌతమి అను ఫాంటుతోగాని, మైక్రోసాఫ్ట్ కంప్యూటరులలో తెలుగు కూర్పు పని చేయలేదు. అదియైనను అమరికలలోనికి పోయి, సీడీని పెట్టి, ప్రత్యేకముగా ఎక్కించుకొనిననే. అద్దె గదిలో అరగంట కూర్చుండువాడు ఆ పని ఎట్లు చేయగలడు?

పత్రికలవారు ఆగలేరు. వారికి రేపటి పత్రిక రేపు ఉదయమునకు వెలువడవలెను. అందుచేత వారు వేరొక త్రోవ త్రొక్కిరి. అచ్చు పనికై తయారైన ఫాంట్లు అప్పటికే ఉన్నవి. ఆ ఫాంట్లలో ఐరోపా అక్షరముల గదులలో తెలుగు ముక్కలను కూర్చుండబెట్టినారు: ఒక గదిలో తలకట్టు, మరియొక దానిలో కొమ్ము, ఇంకొక దానిలో ఒక ఒత్తు. కంప్యూటరు దృష్టిలో ఆ పుటలోనిది ఐరోపా అక్షరముల వరుస. పైన తొడిగిన ఫాంటు వలన మన కంటికి తెలుగు. గదులు రెండువందల చిల్లరకు మించవు గనుక, ఏ ముక్కను ఏ గదిలో పెట్టవలెనన్నది ఫాంటు చేసినవాని ఇష్టము. ఒక పత్రిక ముక్కలు మరియొక పత్రిక ముక్కలతో సరిపడవు. మరల ఊరికొక కుంచము!

పాఠకుని కంప్యూటరులో ఆ ఫాంటు లేనిచో ఏమి గతి? దీనికి మైక్రోసాఫ్ట్‌వారు ఒక ఉపాయము కల్పించిరి. పుటతో బాటు ఫాంటును కూడ పంపవచ్చును. పాఠకుడు ఏమియు ఎక్కించుకొననక్కరలేదు. పుట తెరవగనే తెలుగు కనబడును. చూచువారికి ఇది గారడివలె ఉండెడిది. మా పెదనాన్నగారి మనుమలు అమెరికాలో ఆ వ్యాసమును చదివినది ఈ గారడి మూలముననే. కాని ఆ పద్ధతి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కదానికే తెలియును. అంతేకాదు, ఫాంటు దొంగిలింపబడకుండుటకై దానిని ఏ వెబ్ చిరునామాకు కట్టిరో ఆ చిరునామానుండి వచ్చిన పుటకు మాత్రమే అది తోడుపడును. నేను పుటను సీడీలోనికి దింపుకొన్న నిమిషముననే దానికిని, దాని అక్షరములకును సంబంధము తెగిపోయినది. ఆ సంగతి నాకు అపుడు తెలియదు.

ఈ పద్ధతి వలన కలిగిన నష్టము నా సీడీతో పోలేదు. ఆ పుటలలో గుంటూరు అను మాటను వెదకిన దొరకదు. అచట గుంటూరు అను మాటయే లేదు గనుక. పత్తి ధర, మిర్చి ధర, శాసనసభ ప్రసంగములు, పెద్దల మరణవార్తలు, ఇన్నేండ్ల తెలుగు వార్తలు వెదకు యంత్రములకు కేవలము చెత్త అక్షరములుగా తోచినవి. పత్రికలవారు తమ వెబ్ చోటును మార్చినపుడు ఫాంటు పోయిన, పుట ఉన్నను లేనట్లే. నేను పత్రికలవారిని నిందింపను. వారు ఆ దినమున తెలుగు పాఠకునకు తెలుగు చూపించినారు. బ్రౌజర్లు చేయవలసిన పని చేయనందున వారు చేసికొన్న ఏర్పాటది. అయితే యూనికోడు తెరలపై సరిగా నిలిచిన తరువాత కూడ ఏండ్ల తరబడి పాత ఫాంటునే పట్టుకొని యుండిన వారి విషయములో నా కంత ఓర్పు లేదు.

చిక్కు విప్పినవారు పెద్ద సంస్థలవారు కారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను యూనికోడు ఫాంట్లను చేసి ఉచితముగా పంచిపెట్టినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునగారు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు పద్మ అను ఒక తొడుగును నిర్మించినారు. 2004 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ ప్రమాణములను పాటింపవలెనను పట్టుదలతో పుట్టిన బ్రౌజరు. కనుక పత్రికల గారడి ఫాంటు దానిలో పని చేయదు. పద్మ ఆ కొరతను తీర్చినది. ఈ పత్రికవారి ఈ గదిలోని ముక్క తలకట్టు, ఆ గదిలోనిది ఒత్తు అని ఫాంటు ఫాంటునకు ఒక పట్టిక కట్టి, పుట వచ్చుచుండగనే ఐరోపా అక్షరముల వరుసను యూనికోడు తెలుగుగా మార్చి చూపెడిది. వినుటకు సులభము, చేయుట కష్టము. ముక్కలు వచ్చు క్రమమునకును, మనము పలుకు క్రమమునకును పొంతన లేదు. ర-వత్తు అక్షరమునకు ఎడమ వైపున పడును గనుక కొన్ని ఫాంట్లలో వత్తును ముందు కొట్టి, అక్షరమును తరువాత కొట్టుట వాడుక. యూనికోడులో ఉచ్చారణ క్రమమే క్రమము. ఆ మార్పునంతయు రెప్పపాటులో జరుపవలెను.

మా పెదనాన్నగారి వ్యాసమును నేను ఆ విధముగనే తిరిగి సంపాదించితిని. ఒక మిత్రుడు తన కంప్యూటరులో పద్మను నడిపి, నా సీడీలోని వ్రాతను దానిలో పోసినాడు. రెండు క్షణములలో కుంచము, తూము, పుట్టి అని అక్షరములు లేచి నిలిచినవి. మా పెద్దమ్మగారికి చూపినపుడు ఆమె చదువలేదు, తెరపై చేయి వేసినది. అక్కడక్కడ ‘ధాన్యము’ ‘థాన్యము’గా మారినది. అట్టివానిని వ్రాతప్రతితో పోల్చి నేను దిద్దుకొంటిని.

పద్మను కొనియాడుచునే ఇంకొక మాట చెప్పవలెను. ఆ తొడుగులు ఆధారపడిన పద్ధతియు ఫైర్‌ఫాక్స్ సొంత పద్ధతియే గాని అందరు ఒప్పుకొన్న ప్రమాణము కాదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వచ్చినపుడు, పాత పద్ధతిలో వ్రాయబడి తిరుగ వ్రాయబడని తొడుగులన్నియు ఒక్కసారిగా మూగవోయినవి. గాయమునకు కట్టిన కట్టు కూడ గాయము వంటి గుడ్డతోనే కట్టబడినది. ఫాంటును పుటతో పంపు విషయమున మాత్రము లోకము ఒక కొలతకు వచ్చినది. మైక్రోసాఫ్ట్‌వారి పాత పద్ధతి ప్రమాణముగా అంగీకరింపబడలేదు. దానికి బదులు వాఫ్ అను క్రొత్త పద్ధతి 2012 డిసెంబరులో కన్సార్టియం సిఫారసుగా వెలువడినది. నేడు ఏ బ్రౌజరులోనైనను యూనికోడు వ్రాతను తీసి, దానిపై ఇష్టమైన తెలుగు ఫాంటు తొడుగవచ్చును. తొడుగు ఊడినను అక్షరము అక్షరముగానే ఉండును.

ప్రమాణము వ్రాసియున్నంత మాత్రమున పాటించినట్లు కాదు. 2018 ఫిబ్రవరిలో లోకమంతట ఐఫోనులు ఒక తెలుగు అక్షరమును చూచి కుప్పకూలినవి. ‘జ్ఞానము’ అను మాటలో మొదటి అక్షరమే అది. జకారము, పొల్లు, ఞకారము, దాని వెనుక కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, తరువాత దీర్ఘము. ఈ వరుస యూనికోడు ప్రకారము పంపదగినదే. దానిని కూర్పవలసిన ఫోను కూర్పలేక, తెరచిన యంత్రాంగమునే మూసివేసినది. సందేశములో ఆ ఒక్క అక్షరము వచ్చిన, సందేశముల పెట్టె మరల తెరచుకొనెడిది కాదు. ఆ నెల 19వ తేదీన దిద్దుబాటు కూర్పు వచ్చినది. పత్రికలలో దీనిని హాస్యముగా వ్రాసిరి. నాకు నవ్వు రాలేదు. తెలుగులో జ్ఞానము అను మాట ఎంత అరుదైనదని వారు తలంచినారో!

మన ప్రాంతమునకు వత్తును. ఇటీవలి వరకు అరండల్‌పేటలోని ఒక నెట్ కేంద్రములో ఒక పాత కంప్యూటరును విడిగా ఉంచెడివారు. “అది ఏమిటండీ?” అని అడిగితిని. “ఆఫీసువారి దరఖాస్తు పుట ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదండీ. రైతు ఫోనులో ఎంత తంటాలు పడినా రాదు. అందుకే దీన్ని తీసెయ్యలేదు,” అని ఆ అబ్బాయి చెప్పినాడు. ఏ ఆఫీసో నేను చెప్పను. అట్టివి పెక్కు ఉండెను. పత్తి కాటా వేయించి ముప్పది మైళ్ళనుండి వచ్చిన మనిషి, జేబులోని ఫోనుతో కావలసిన పనికై ఆ ఒక్క పెట్టె ముందు వరుసలో నిలుచుండెడివాడు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్‌వారే ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ముగించినారు. అట్టి పుటల కొరకై తమ క్రొత్త బ్రౌజరు ఎడ్జ్‌లో పాతదాని వేషము వేయు ఒక ఏర్పాటును కనీసము 2029 వరకు నిలుపుదుమని చెప్పియున్నారు. ఇరువది యేండ్లనాటి వంకర ఎంత కాలము బ్రతుకునో దీనివలన తెలియుచున్నది.

నాకు నేడు కలుగుచున్న భయము వేరొకటి. ఎడ్జ్ 2020 మొదలు గూగుల్‌వారి క్రోమ్‌లోని యంత్రముతోనే నడచుచున్నది. ఒపెరా అంతకు పూర్వమే అందులో చేరినది. పేర్లు పెక్కు, లోపలి యంత్రము ఒకటి. యాపిల్‌వారి సఫారీ, ఫైర్‌ఫాక్స్ మాత్రము వేరు యంత్రములతో నిలిచియున్నవి. పుటలు వ్రాయు మన పిల్లలు క్రోమ్‌లో చూచి, బాగున్నదని తృప్తిపడి పంపివేయుచున్నారు. పాత బిళ్ళ కంటికి కనబడదు గాని అంటించియే ఉన్నది. అచ్చు పనివారి మాట అడుగకయే తెలియుచున్నది. పెండ్లి పత్రికయైనను, గ్రంథమైనను నేటికిని మన డీటీపీ కేంద్రములలో అను ఫాంట్లలోనే కూర్చువారు పలువురు. వారి వ్రేళ్ళకు అలవాటైన త్రోవ అది. వేగమును విడువుమనిన ఎవరు విడుతురు? అయితే ఆ గ్రంథమును రేపు వెబ్‌లో పెట్టవలసి వచ్చిన, మరల మార్పిడి, మరల ‘థాన్యము’.

వ్యాసములో ఒక భాగము మాత్రము చాలకాలము పూర్తికాలేదు. కరణములు లెక్కలలో నాలుగవ వంతు, పదహారవ వంతు, అరువదినాలుగవ వంతు వ్రాయుటకు ప్రత్యేకమైన గుర్తులను వాడెడివారు. తూమునకు కూడ ఒక గుర్తు కలదు. పెదనాన్నగారి వ్రాతప్రతిలో ఆ గుర్తులన్నియు ఉన్నవి. 2001లో పత్రికవారి ఫాంటులో వానికి గది లేదు. ఆ చోట్లను ఖాళీగా విడిచినారు. ఆయన ఆ ఖాళీలను చూచి కొంచెము చిన్నబుచ్చుకొన్నారు. 2008 ఏప్రిలులో వెలువడిన యూనికోడు 5.1వ కూర్పులో భిన్నముల గుర్తులు ఏడును, తూము గుర్తును తెలుగు గదులలో చేరినవి. పోయిన వేసవిలో నేను వ్రాతప్రతిని ముందుంచుకొని, ఖాళీలను ఒక్కొక్కటిగా పూరించి, వ్యాసమును బంధువులందరకు పంపితిని. నా కంప్యూటరులో అన్నియు చక్కగా కనబడినవి. అమెరికానుండి మనుమడు మరునాడే వ్రాసినాడు: “మామయ్యా, అంతా చదివాను. కాని లెక్క వచ్చిన చోటల్లా నా ఫోనులో నలుచదరపు పెట్టెలు కనబడుతున్నాయి. అక్కడ తాతయ్యగారు ఏమి వ్రాశారు?” వానికి ఆ గుర్తులను కాగితముపై గీసి, ఫోటో తీసి పంపితిని.